బిళ్ళ నొక్కే చెయ్యి

అల్యూమినా పొడిని ప్రెస్‌లో నొక్కి ఉల్లిపొరలాంటి బిళ్ళ తీయడం చిన్న పనిలా కనిపిస్తుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల పొడి చాలు. మందంగా వస్తే పరారుణ కాంతి అవతలికి దాటదు, మరీ పలుచనైతే పట్టకారు తగలగానే విరుగుతుంది. అతిగా నొక్కితే రంధ్రాలు మూసుకుపోతాయి. ఒత్తిడి ఎంతన్నది చేతికే తెలియాలి. ఉపరితలం మీది ఆమ్ల స్థానాలను పరారుణ కాంతితో వెతికే ఈ విద్యలో నాకు అన్నిటికన్నా గౌరవం ఆ చేతి మీదే.

తర్వాత బిళ్ళను శూన్యంలో 400 డిగ్రీల సెల్సియస్ దాటించి గంటల తరబడి ఉంచుతారు, పట్టి ఉన్న తేమ పోవాలి కదా. చల్లారాక పిరిడిన్ అనే క్షారపు ఆవిరి కాస్త వదులుతారు. మళ్ళీ 150 డిగ్రీల దగ్గర పంపుతో లాగితే ఊరికే అంటుకున్న అణువులు పోయి, గట్టిగా పట్టుకున్నవే మిగులుతాయి.

ఇక పరారుణ వర్ణపటం. తరంగ సంఖ్య సెంటీమీటరుకు 1450 దగ్గర పట్టీ లేచిందా, పిరిడిన్ తన ఎలక్ట్రాన్ జంటను అల్యూమినియం అయానుకు ఇచ్చిందన్నమాట. అది లూయీ ఆమ్ల స్థానం. 1545 దగ్గరైతే ఉపరితలం నుంచి ప్రోటాన్ తీసుకుంది, అది బ్రాన్‌స్టెడ్ స్థానం. 1963లో ప్యారీ అనే పరిశోధకుడు చూపిన దారి ఇది. ముడిచమురు భాగాలను విడగొట్టే సిలికా-అల్యూమినా ఉత్ప్రేరకాల్లో రెండూ కనిపిస్తాయి, గామా అల్యూమినాలో సాధారణంగా మొదటిదే. ఎంత అందమైన పరీక్ష! 1490 దగ్గరి పట్టీ మాత్రం రెండింటికీ ఉమ్మడి. చెయ్యి తిరిగినవాళ్ళు దాన్నొక్కదాన్నే నమ్మి ఏదీ తేల్చరు.