హబక్కూకు ప్రవచనమున విశ్వాస శబ్దము

హబక్కూకు గ్రంథము మూడధ్యాయముల చిన్న కృతి. కల్దీయుల దండయాత్రను తలచి ప్రవక్త దైవముతో వాదించును. దర్శనము ఆలసించినను వేచియుండుమని యుత్తరము వచ్చును. వెంటనే (2:4) నీతిమంతుని జీవనమునకు విశ్వాసము ఆధారమని చెప్పబడినది. ఈ శబ్దమును దేవుడున్నాడను నమ్మికగా మాత్రమే గ్రహించుట వాడుకయైనది. ఆ యర్థము సందర్భమునకు చాలదని మా యభిప్రాయము.

మూలమునందలి హీబ్రూ పదము 'ఎమూనా'. స్థైర్యము, నిలుకడ దాని ప్రధానార్థములు. అమాలేకీయులతోడి యుద్ధమున మోషే చేతులు సూర్యాస్తమయము వఱకు వాలక నిలిచిన తీరును నిర్గమకాండము (17:12) ఈ పదముతోనే చెప్పినది. విలాపవాక్యములలో (3:23) ఇదియే దైవము యొక్క మాట తప్పని గుణము. 'ఆమేన్' కూడ ఈ ధాతువునుండి పుట్టినదే. హీబ్రూ పాఠమున ఈ పదమునకు 'తన' యను సర్వనామము చేరియున్నది. సెప్టువజింట్ అను గ్రీకు అనువాదపు ప్రసిద్ధపాఠమున అది 'నా' యని దైవపరమైనది. పౌలు (రోమా 1:17) సర్వనామమునే విడిచెను. 1947లో కుమ్రాను గుహలో దొరకిన హబక్కూకు వ్యాఖ్య దీనిని నీతిబోధకునియెడ గల నిష్ఠగా వివరించుచున్నది.

ఇట్టి యర్థవిస్తృతి తెలుగునకు క్రొత్తది కాదు. కుక్కకు విశ్వాసము కలదన్నప్పుడు అన్నము పెట్టిన చేతిని విడువని గుణమునే చెప్పుదుము. విశ్వాసఘాతకుడనగా నాస్తికుడని యర్థము కాదు; నమ్మినవానిని వంచించినవాడని యర్థము. జనవ్యవహారము కాపాడిన యీ యర్థమును వ్యాఖ్యాతలు ఉపేక్షింపరాదు.

విశ్వాసమును నడవడిగా చెప్పినచో కృపకు చోటుండదని కొందఱు శంకింపవచ్చును. కాని ఆదికాండమున (15:6) అబ్రాహాము నమ్మెనని చెప్పు క్రియయు ఈ ధాతుజమే. నమ్ముటయు, నమ్మకముగా నుండుటయు ఒక్క మూలమునుండియే వచ్చినవి. మోషే చేతుల నిలుకడ సయితము అహరోను, హూరులు ఇరువైపుల పట్టుకొన్నందువలన కలిగినదే గదా! ఆనుకొన్నవాడే నిలువగలడు.

గ్రంథాంతమున ప్రవక్త అంజూరము పూయని, చేలు పండని, దొడ్డిలో గొఱ్ఱెలు మిగులని దినమును ఊహించి, అప్పుడును దైవమునందు ఆనందింతునని పలుకుచున్నాడు. దైవసంరక్షణమనగా నష్టము రాకుండుట యని తలచువారికి ఈ మాట అసంగతముగా తోచును. ఎమూనాను నిలుకడగా గ్రహించినవారికి ఇది సహజముగా నుండును. రెండవ యధ్యాయమునందలి పదమునకు మూడవ యధ్యాయమే సరియైన వ్యాఖ్యానము.