పాత స్టీరియో రిసీవర్: రిపేరులో వరుస తప్పకూడదు

1974లో అమెరికా ప్రభుత్వం ఆడియో కంపెనీలకు ఒక నిబంధన పెట్టింది. అప్పటిదాకా ఎవరికి తోచిన వాట్లు వాళ్లు ప్రకటించుకునేవారు. ఇకమీదట రెండు చానళ్లూ కలిసి నడుస్తుండగా యాంప్లిఫయర్ నిలకడగా ఇచ్చే శక్తినే చెప్పాలన్నారు. కొలిచే ముందు ఆ యాంప్లిఫయర్‌ను మూడోవంతు శక్తితో గంటసేపు నడపాలన్నారు. సరిగ్గా ఆ స్థాయిలోనే అది బాగా కాగిపోతుంది. ఆ పరీక్షకు తట్టుకోవాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మరు, వెడల్పాటి హీట్‌సింకు తప్పవు. అదే దశకంలో జపాన్ కంపెనీల మధ్య వాట్ల పోటీ ముదిరింది. 1978లో పయనీర్ తెచ్చిన ఎస్‌ఎక్స్-1980 రిసీవర్ ఒక్కో చానల్‌కు 270 వాట్లు ఇచ్చేది. దాని బరువు ముప్ఫై కిలోల పైమాటే.

ఆ కాలపు రిసీవర్లు ఇప్పటికీ బాగుచేయడానికి పనికొస్తున్నాయంటే ఆ దిట్టతనం ఒక కారణం. లోపలి అమరిక రెండో కారణం. మూత స్క్రూలు విప్పితే రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు చాలావరకు విడివిడిగా కనిపిస్తాయి. సర్వీసు మాన్యువల్‌లో పూర్తి సర్క్యూట్ బొమ్మ ఉంటుంది, ఏ పాయింటు దగ్గర ఎన్ని వోల్టులు రావాలో కూడా అందులోనే రాసి ఉంటుంది. మీటరు చేతిలో ఉండి, ఓపిక ఉన్నవాడికి దారి తెరిచే ఉంది.

ఏళ్ల తరబడి వాడని సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టకూడదు. ముందు వెనకవైపు రాసిన వోల్టేజీ చూడాలి. అమెరికా నుంచి వచ్చిందైతే 120, జపాన్‌లో అమ్మినదైతే 100. మన 230కి తగిలిస్తే మొదటి క్షణంలోనే పొగ రావచ్చు, కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. జపాన్ సెట్టుకు ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడి పాత ఎఫ్ఎం బ్యాండు 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే, మన స్టేషన్లలో చాలావాటిని అది అందుకోలేదు.

కరెంటు ఇచ్చేది కూడా సీరీస్ బల్బు ద్వారానే. పాత తరహా ఫిలమెంటు బల్బును లైనులో వరుసగా కలిపితే చాలు. స్విచ్ వేయగానే ఒకసారి మెరిసి మసకబారితే భయం లేదు. వెలుగు తగ్గకుండా అలాగే ఉంటే లోపల షార్టు ఉన్నట్టే. బల్బు కరెంటును మరీ పెరగనివ్వదు కాబట్టి ట్రాన్సిస్టర్లు బతుకుతాయి.

తర్వాతి పని, లోపం ఏ భాగంలో ఉందో తేల్చడం. ఎడమ స్పీకరు పలకడం లేదనుకుందాం. సెట్టు ఆపి, స్పీకరు వైర్లను అటుదిటు మార్చాలి. అయినా అదే స్పీకరు మూగగా ఉంటే తప్పు స్పీకరుది, లేదా దాని వైరుది. మూగతనం రెండో స్పీకరుకు మారితే స్పీకర్లు మంచివే, ఇంకా వెనక్కి వెళ్లాలి. ఈసారి పాట వచ్చే కేబుళ్లను మార్చి చూడాలి. మూగతనం మారకపోతే లోపం సెట్టు లోపలే. చాలా సెట్లకు వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అనే సాకెట్లు ఉంటాయి. అక్కడా ఎడమ కుడి మార్చితే లోపం ప్రీ యాంప్లిఫయర్‌లోనా, పవర్ యాంప్లిఫయర్‌లోనా అన్నది తేలిపోతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకముందే సగం పని అయిపోతుంది.

ఒక్కోసారి చిన్న వాల్యూమ్‌లో ఒక చానల్ మాయమై, పెంచగానే తిరిగొస్తుంది. అప్పుడు మొదటి అనుమానం స్పీకరును యాంప్లిఫయర్‌కు కలిపే స్విచ్, అంటే స్పీకరు రిలే మీదే. దాని కాంటాక్టులు నల్లబడి సన్నని సిగ్నల్‌ను ఆపేస్తాయి. ప్లగ్గు పీకి, రిలే మూత తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన కాగితపు పట్టీని రెండు కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మెల్లగా మూసి లాగాలి. కాగితం మీద నల్ల గీత పడుతుంది. గీత పడటం ఆగేదాకా కొత్త పట్టీలతో లాగాలి. గరుకు కాగితం వాడితే పైపూత లేచిపోయి రిలే త్వరగా చెడుతుంది. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే దానికి కాంటాక్ట్ క్లీనర్ చాలు.

ఆన్ చేసిన కొద్ది సెకన్లకు రిలే టక్కుమనకపోతే మాత్రం దాన్ని బలవంతంగా కలపకూడదు. యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో డీసీ వస్తోందని, స్పీకరు కాలకుండా రిలే అడ్డుపడుతోందని అనుకోవాలి. మీటరు పెడితే ఆ డీసీ కొద్ది పదుల మిల్లీవోల్టుల లోపే ఉండాలి. వోల్టుల్లో ఉంటే ట్రాన్సిస్టర్లను ఒక్కొక్కటిగా చూడాల్సిందే. బుర్రుమనే శబ్దం వాల్యూమ్ తగ్గించినా తగ్గకపోతే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయి ఉండొచ్చు. ప్లగ్గు తీశాక కూడా వాటిలో చార్జి నిలిచి ఉంటుంది, రెసిస్టరుతో దించాకే చెయ్యి పెట్టాలి.

చివరిగా బయాస్, అంటే పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటు. సెట్టు వేడెక్కాక, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల ఎమిటర్ రెసిస్టరు మీద మిల్లీవోల్టులు కొలిచి, మాన్యువల్‌లో చెప్పిన అంకెకు తేవాలి. అర ఓమ్ మీద పది మిల్లీవోల్టులంటే ఇరవై మిల్లీ ఆంపియర్లు. తగ్గితే చిన్న వాల్యూమ్‌లో గొంతు గరుకవుతుంది, పెరిగితే హీట్‌సింకు కాలుతుంది.

పాతదన్న ఒక్క కారణంతో కండెన్సర్లన్నీ ఒకేసారి పీకేసి మార్చేవాళ్లున్నారు. అది మంచి పద్ధతి కాదు. ఒక కొత్త కండెన్సరు తిరగేసి పెట్టినా, పాత బోర్డు రాగిగీత ఒకటి లేచిపోయినా, ఉన్న లోపానికి కొత్త లోపం తోడై రెండూ దొరకవు. కొలిచి చెడ్డదని తేలినదాన్నే మార్చాలి, మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలవాలి. పాత నంబరు పవర్ ట్రాన్సిస్టర్లకు నకిలీలు విపరీతంగా ఉన్నాయి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, నమ్మకమైన చోటే కొనాలి.

మీ ఇంట్లో అలాంటి రిసీవర్ మూలన పడి ఉంటే పాత సామాన్లకు వేయకండి, తొందరపడి స్విచ్ కూడా వేయకండి. సర్క్యూట్ బొమ్మ సంపాదించి, అది చదవగలిగిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. తీసేసిన భాగాలు మీకు ఇమ్మని, ఏది ఎందుకు మార్చారో కాగితం మీద రాసి సెట్టు లోపల పెట్టమని అడగండి. రేపు దాన్ని విప్పే మనిషికి ఆ కాగితం పనికొస్తుంది.