కాలిందా, కాల్చారా?

వార్తా ఏజెన్సీ పంపిన ఇంగ్లిష్ కాపీలో ‘బర్న్’ అన్న మాట కనబడితే అక్కడ ఆగుతాను. ఇల్లు కాలినా ఇంగ్లిష్‌లో అదే మాట, ఇంటిని ఎవరో కాల్చినా అదే మాట. తెలుగులో రాసేవాడికి మాత్రం ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

పాత ఇంగ్లిష్‌లో ఈ చిక్కు లేదు. తనంతట కాలడానికి ‘బియర్నన్’, పట్టుకుని కాల్చడానికి ‘బ్యార్నన్’ అని రెండు క్రియలుండేవి. నార్స్ భాష మాట్లాడేవాళ్లు తెచ్చిన ‘బ్రెన్నా’ వాటికి తోడైంది. నోళ్లలో నలిగి నలిగి అన్నీ ఒక్క ‘బర్న్’ అయిపోయాయి. మన కాలు–కాల్చు, మండు–మండించు, అంటుకొను–అంటించు జంటలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో తెలియాలంటే లండన్ అగ్నిప్రమాదం గురించి చదవాలి. 1666 సెప్టెంబర్ 2న పుడింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ అనే రొట్టెల వ్యాపారి బేకరీలో నిప్పు పుట్టింది. ఇళ్లేమో చెక్కవి, పైగా తూర్పు గాలి. నాలుగు రోజుల్లో దాదాపు 13,200 ఇళ్లు, 87 చర్చిలు, సెయింట్ పాల్స్ కెథెడ్రల్ బూడిదయ్యాయి. ఊరు కాలింది. జనం మాత్రం ‘కాల్చారు’ అన్నారు. డచ్చివాళ్లన్నారు, ఫ్రెంచివాళ్లన్నారు, కాథలిక్కులన్నారు. రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు తానే అంటించానని ఒప్పుకున్నాడు. మొదట వెస్ట్‌మినిస్టర్‌లో అంటించానన్నాడు. మంటలు అసలు అటు పోనేలేదు. అయినా అక్టోబర్‌లో అతన్ని టైబర్న్‌లో ఉరితీశారు. నిప్పు పుట్టిన రెండు రోజులకు గానీ అతను లండన్‌లో అడుగుపెట్టలేదని ఆ తర్వాత బయటపడింది.

  

హ్యూబర్ట్ పోయినా అపవాదు పోలేదు. ఆ మంటల గుర్తుగా కట్టిన స్తంభం మీద, కాథలిక్కులే ఊరు తగలబెట్టారని 1681లో చెక్కించారు. ఆ మాటలు శాశ్వతంగా చెరిగింది 1830లో.

కాలిందో కాల్చారో తేల్చకుండా తప్పుకునే దారి తెలుగులోనూ ఒకటుంది, మన పత్రికల్లోని ‘దగ్ధం’ అనే మాట. ‘పది గుడిసెలు దగ్ధం’ అంటే చాలు, శీర్షిక కుదిరిపోతుంది, ఎవరి పేరూ ఎత్తక్కర్లేదు. కారణం ఇంకా తెలియని రాత్రి ఆ మాట సాయపడుతుంది, అందుకు దాన్ని గౌరవిస్తాను. కానీ అర్ధరాత్రి కిరోసిన్ పోసి అంటించారని బాధితులు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాక, కేసు నమోదయ్యాక, మర్నాటి వార్తలోనూ ‘దగ్ధం’ అనే ఉంటే ఒప్పుకోను. ‘తగలబెట్టారని ఫిర్యాదు’ అని రాయమంటాను. షార్ట్ సర్క్యూట్ అని తేలితే ‘కాలిపోయాయి’. రెండూ తెలియకపోతే విలేకరికి ఫోన్ చేస్తాను, ఎడిషన్ వెళ్లే వేళ దగ్గరపడినా సరే.