స్వతంత్ర సంపాదకత్వం: దిద్దుబాటు, భాష, సంతకం

ప్రవేశిక

తెలుగులో 'సంపాదకుడు' అన్న ఒక్క పదం మూడు వేరువేరు పనులను మోస్తున్నది. పత్రిక బాధ్యతను తలకెత్తుకొని తన పేరు అచ్చువేసుకొనేవారు సంపాదకులే. వ్యాససంకలనం కూర్చినవారూ సంపాదకులే. ఒకరు రాసిన ప్రతిని వాక్యం వెంట వాక్యం సరిచేసి, పారితోషికం పుచ్చుకొని, పేరు లేకుండా తప్పుకొనేవారూ సంపాదకులే. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠనిర్ణయం చేసేవారికి 'పరిష్కర్త' అన్న గౌరవనామం ఉన్నది. పైన చెప్పిన మూడవ వర్గానికి మాత్రం 'ప్రూఫులు చూసేవారు' అన్న మాటే మిగిలింది. అది వారి పనిలో చివరిదీ చిన్నదీ అయిన భాగం.

ఈ మూడవ వర్గం నేడు పత్రికలకూ విశ్వవిద్యాలయ పరిశోధనకూ వెబ్‌సైట్లకూ ఏకకాలంలో పనిచేస్తున్నది. ఒకే విషయం మూడు రూపాల్లో దిద్దుబాటుకు వచ్చినప్పుడు భాషకు ఏమి జరుగుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'బాయి' అన్న మాట

పూర్వపు వరంగల్ జిల్లా విభజనతో 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. భూపాలపల్లిలోని సింగరేణి భూగర్భ గనులకు అధికారిక నామం 'కాకతీయ ఖని'. వార్తాపత్రికలు 'గని' అంటాయి. కార్మికుడు మాత్రం 'బాయి' అంటాడు. భూపాలపల్లి కార్మికవాడలో "బాయికి పోయిండు" అంటే గని డ్యూటీకి వెళ్లాడని అర్థం. అదే జనగామ పల్లెలో "బాయికాడికి పోయిండు" అంటే వ్యవసాయబావి దగ్గరికి, అంటే పొలానికి వెళ్లాడని అర్థం. ఒకే మాట రెండు బతుకుతెరువులను చెబుతున్నది.

ఈ మాట దిద్దేవారి చేతికి వచ్చినప్పుడు ఏమవుతుంది? పత్రిక కథలో 'బాయి' 'బావి'గా మారితే కార్మికుడు నీళ్లు తోడుకోవడానికి వెళ్లినట్టవుతుంది. 'గని'గా మారితే అర్థం నిలుస్తుంది కాని మాట్లాడే మనిషి మారిపోతాడు. సిద్ధాంతగ్రంథంలో ఈ మాటను ఉంచి, దాని ప్రాంతీయార్థాన్ని వివరించవలసి ఉంటుంది. వెబ్‌సైట్ నిర్వాహకుడు పాఠకులు వెదికే పదం శీర్షికలో ఉండాలంటాడు కనుక అక్కడ 'సింగరేణి గని' తప్పదు. మూడు నిర్ణయాలకూ మూడు న్యాయాలున్నాయి. చిక్కు ఎక్కడంటే, రోజంతా మూడు చోట్లా పనిచేసే చేయి ఒక చోటి అలవాటును మరొక చోటికి మోసుకుపోతుంది. వెబ్‌సైట్ కోసం చదును చేసిన వాక్యమే కథలోనూ నిలబడుతుంది. ఇటీవలి కథాసంకలనాల్లో పాత్రలన్నీ ఒకే తెలుగు మాట్లాడుతున్నాయన్న ఫిర్యాదును రచయితల మీద మాత్రమే మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మహబూబాబాద్ తండాల రచనల్లో ఈ చిక్కు మరింత ముదురుతుంది. గోర్‌బోలికి సొంత లిపి లేదు. తెలుగు లిపిలో రాసిన లంబాడీ మాట అక్షరదోషంగా కనబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 'సీత్ల' పండుగను 'శీతల'గా సవరించడం ఇటువంటిదే. దిద్దేవారి దృష్టిలో అది శుద్ధి. తండా దృష్టిలో తమ దేవత పేరు మారిపోవడం.

సంతకం చేసిన పూర్వులు

ఈ నేలమీదే ఇందుకు భిన్నమైన సంప్రదాయం ఉన్నది. బమ్మెర నేటి జనగామ జిల్లాలోని గ్రామం. పోతన భాగవతంలో శిథిలమైన భాగాలను ఇతరులు పూరించారు. పంచమస్కంధం గంగన, షష్ఠస్కంధం సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలు వెలిగందల నారయ రచనలు. వారు స్కంధాంత గద్యల్లో తమ పేర్లు చెప్పుకొన్నారు. ఆ గద్యలు కేవలం కీర్తికాంక్షతో పుట్టినవి అనలేం. ఎక్కడ పోతన ఆగాడో, ఎక్కడ మరొక చేయి మొదలైందో పాఠకునికి తెలుస్తున్నది. ఆ భాగాల శైలిని పోతన శైలితో పోల్చి చేసిన విమర్శ అంతా ఆ సంతకాల వల్లనే సాధ్యమైంది.

రెండవ ఉదాహరణ నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో అక్కడినుండి 'తెనుగు' వారపత్రికను నడిపారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, నగరానికి దూరంగా ఒక పల్లెలో రాయడం, దిద్దడం, కూర్చడం, ముద్రించడం అన్నీ వారి చేతుల మీదే సాగాయి. కనుక తప్పయినా ఒప్పయినా జవాబు చెప్పవలసినవారు ఎవరో తెలుసు. నేడు ఈ పనులన్నీ విడిపోయాయి. ప్రతి దశకూ ఒక మనిషి ఉన్నాడు, కాని మార్పునకు జవాబుదారి లేడు. అను ఫాంట్లలోని పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు తారుమారైతే ఆ దోషం కూడా రచయిత ఖాతాలోనే పడుతుంది.

సిద్ధాంతగ్రంథం: దిద్దుబాటుకు హద్దు

పరిశోధనలో ఈ ప్రశ్న నైతికమైనది. 2018 నాటి యు.జి.సి. గ్రంథచౌర్య నిబంధనలు ఇతర రచనలతో పోలికను శాతాల్లో లెక్కిస్తాయి. వాక్యాన్ని ఎవరు నిర్మించారన్నది ఆ శాతాల్లో కనబడదు. వర్ణక్రమం, విరామచిహ్నాలు, ఆధారసూచికల ఏకరూపత దిద్దడం భాషాసేవ. చెదిరిన వాదాన్ని వరుసలో పెట్టి, లేని ముగింపును రాసి ఇవ్వడం సహరచన. ఈ రెండింటి నడుమ ఉన్న పని చాలా పెద్దది. ముఖ్యంగా ఇంటిలో మొదటితరం చదువరిగా పరిశోధనకు వచ్చినవారికి ఆ నడిమి సాయం నిజంగా అవసరం. దానిని రహస్యంగా ఉంచడం వల్ల అక్రమానికీ అవసరానికీ తేడా చెరిగిపోతున్నది. సాయం చేసినవారూ పొందినవారూ ఇద్దరూ అనుమానానికి గురవుతున్నారు.

తెలుగు వికీపీడియాలో ఏ వ్యాసానికైనా 'చరిత్ర' పుట ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో అక్కడ కనబడుతుంది. అక్కడి వ్యాసాల నాణ్యతపై వాదాలుండవచ్చు. ఈ పద్ధతి మాత్రం మన పత్రికలకూ విశ్వవిద్యాలయాలకూ స్వీకారయోగ్యం. కథ చివర 'భాషాసంస్కరణ' అని ఒక పేరు, సిద్ధాంతగ్రంథం ముందుమాటలో దిద్దుబాటు ఏ మేరకు జరిగిందో రెండు వాక్యాలు, వెబ్‌వ్యాసం కింద సవరించిన తేదీ చేరిస్తే చాలు. రచయిత మొదటి ప్రతిని, దిద్దిన ప్రతిని విడివిడిగా భద్రపరిస్తే, భూపాలపల్లి కథలోని 'బాయి' ఎవరి చేతిలో 'గని' అయిందో రేపటి పరిశోధకునికి తెలుస్తుంది.