పసి ఎముక, పుత్తూరు కట్టు

పార్కులో జారుడుబండ మీద రెండేళ్ళ పాప తాతయ్య ఒళ్ళో కూర్చుని జారుతుంది. మధ్యలో పాప పాదం బండ అంచుకు తట్టుకుని ఆగిపోతుంది, ఇద్దరి బరువూ మాత్రం కిందికి పోతుంది. గుక్కపట్టి ఏడుస్తుంది, ఎత్తుకుంటే ఊరుకుంటుంది, దించితే కాలు నేల మీద మోపదు. వాపు లేదు, కమిలినట్టూ లేదు. మోకాళ్ళ మీద పాకడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. రామంతాపూర్‌లోనో, నాచారంలోనో ఇలాంటి ఇంట్లో ఆ సాయంత్రం రెండు మాటలు వినిపిస్తాయి. ఎక్స్‌రే తీయిద్దామని ఒకరంటారు. "పుత్తూరు కట్టు కట్టియ్యిండ్రి, నెల తిరిగేసరికి ఉరుకుతది" అని ఇంకొకరంటారు.

ఆ రెండో మాటను మూఢనమ్మకమని కొట్టిపారేసే చదువరులతో నాకు పేచీ ఉంది. కట్టులో ఉన్న పనితనం నిజమైనది. అయితే దాని మహిమంతా పసరులోనే ఉందనేవాళ్ళతోనూ ఒప్పుకోలేను. పసిపిల్లల్లో ఎముకను అతికించేది ఆ ఎముకే. దాన్ని కదలనివ్వకుండా, వంకరపోనివ్వకుండా, కాలికి నెత్తురు ఆగనివ్వకుండా నిలబెట్టడం కట్టు చేసే పని. ఈ మూడూ ఒక్కసారిగా చేయగల చెయ్యి దొరకడం చిన్న సంగతి కాదు.

ఈ కట్టు పుట్టిల్లు పాత చిత్తూరు జిల్లా పుత్తూరు దగ్గరి రాచపాళెం. 1881 ప్రాంతంలో కేశవరాజు మొదలుపెట్టారని చెబుతారు. వేటలో కొట్టిన కుందేలును ఏవో ఆకుల్లో చుట్టి ఇంటికి తెస్తే విరిగిన ఎముకలు అతుక్కుని కనిపించాయని, ఆ ఆకు కోసం ఆయన మళ్ళీ అడవికి వెళ్ళాడని కథ. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ కుటుంబాల చేతిపని తరతరాలుగా సాగుతూనే ఉంది. తిరుపతి, చెన్నైల నుంచే కాదు, దూరాభారం నుంచి కూడా జనం అక్కడికి చేరతారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఆ పేరుతో బోర్డులు ఎన్నో కనిపిస్తాయి. వాటిలో రాచపాళెంలో నేర్చుకున్నవాళ్ళెవరో, పేరు మాత్రమే తెచ్చుకున్నవాళ్ళెవరో బోర్డు చూసి తెలుసుకోలేం. పాతబస్తీలో కుస్తీ పహిల్వాన్ల చేతి కట్టుకూ ఎప్పటినుంచో పేరుంది. పట్టు పట్టడం, కీలు ఎటు తిరుగుతుందో ఎరగడం వాళ్ళకు తాలీంఖానాలోనే అలవడే విద్య.

కట్టుకు కావలసిన సరంజామా చాలా తక్కువ: నూలుగుడ్డ, పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. అసలు పని వీటికంటే ముందే మొదలవుతుంది. మోకాలి కింద నుంచి చీలమండ దాకా ఎముక అంచు వెంట బొటనవేలు మెల్లగా జరుగుతూ పోతుంది. ఒకచోట పిల్ల మొహం మారుతుంది. వేలు అక్కడ ఆగుతుంది, కొంచెం వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తుంది. ఎముక తప్పుకుని ఉంటే మడమ దగ్గర పట్టుకుని నిదానంగా లాగి వరసకు తెస్తారు. ఆ తర్వాత పసరు, తెల్లసొన పట్టించిన గుడ్డ చుట్టి, బద్దలు అమర్చి బిగిస్తారు. తెల్లసొన ఆరేకొద్దీ గుడ్డ బిర్రుగా మారుతుంది, అయినా పిండికట్టంత రాయిలా ఉండదు. కాలివేళ్ళను బయటికి వదిలేస్తారు.

తెల్లసొన మాట విని నవ్వేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన శస్త్రవైద్యుడు లారే కూడా తెల్లసొనతో తడిపి గట్టిపడేలా చేసిన కట్లనే వాడాడు. డచ్చి సైనిక వైద్యుడు మాథైసెన్ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అద్దిన గుడ్డపట్టీలను ముందుకు తెచ్చింది 1850ల మొదట్లోనే. మన సుశ్రుత సంహిత అయితే కట్టు బిగువు గురించి ఇవాళ్టి ఏ ఆర్థోపెడిక్ డాక్టరైనా తల ఊపేలా చెప్పింది. వదులైతే అతుకు నిలవదు, బిగువైతే వాపూ నొప్పీ పుండూ వస్తాయి, కాబట్టి మధ్యస్థంగా కట్టాలి. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణంలో అయిదు రోజులకు, ఎండాకాలంలో మూడు రోజులకు కట్టు మార్చాలి. అతుక్కోవడానికి పట్టే కాలానికీ అందులో లెక్క ఉంది: చిన్న వయసులో ఒక నెల, నడివయసులో రెండు, ముసలితనంలో మూడు. ఎక్స్‌రే లేని రోజుల్లో, చేత్తో తడిమి, నెలల తరబడి కనిపెట్టి చూసి రాసిన లెక్క అది. ఇవాళ్టి అంచనాలకూ అది మరీ దూరంగా లేదు.

పిల్లలకు ఒక్క నెలే ఎందుకు సరిపోతుంది? పసి ఎముకను కప్పి ఉండే పొర మందంగా, నెత్తురు నిండుగా ఉంటుంది. లోపల ఎముక విరిగినా చాలాసార్లు ఒకవైపు ఆ పొర తెగకుండా ముక్కలను పట్టి ఉంచుతుంది. పచ్చి వేపకొమ్మను వంచితే ఒకవైపు పీచు చిట్లి, రెండోవైపు వంగి ఆగిపోతుంది కదా, పిల్లల ఎముక చాలాసార్లు అలాగే విరుగుతుంది. కొత్త ఎముకను తయారుచేసేదీ ఆ పొరే. విరిగిన చోట మొదట మెత్తటి ముద్ద కడుతుంది, రెండు మూడు వారాల్లో అందులో కాల్షియం చేరి గట్టిపడడం మొదలవుతుంది. జారుడుబండ పాపకు జరిగింది ముంగాలి ఎముకలో మెలితిరిగిన సన్నటి పగులు. ఇప్పుడిప్పుడే నడక నేర్చిన పిల్లల్లో ఇది మామూలు. మొదటి రోజు ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. పది పన్నెండు రోజుల తర్వాత తీస్తే ఎముక పక్కన కొత్త పూత సన్నటి గీతలా తేలుతుంది. మూడు నాలుగు వారాలు కాలు కదలకుండా చూస్తే చాలు, అతుక్కుంటుంది. ఈ పగులుకు కట్టు కట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళు ఆ పేరులో సగం పసిపిల్ల ఒంటికి బాకీ. మిగతా సగం మాత్రం వాళ్ళ చేతిదే, ఎందుకంటే ఆ వయసు పిల్లను మూడు వారాలు ఆపడం మాటలు కాదు.

వంకర సర్దుకోవడం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. కొద్దిగా వంగి అతికిన ఎముక కూడా పిల్ల పెరిగేకొద్దీ, నడిచే బరువుకు అనుగుణంగా, ఒకవైపు కరిగి మరోవైపు పోసుకుంటూ తిన్నబడుతుంది. చిన్న వయసు, కీలుకు దగ్గరితనం, కీలు కదిలే దిశలోనే వంపు ఉండడం దీనికి కలిసివస్తాయి. కానీ మెలికపడి అతికిన ఎముక పెద్దగా సర్దుకోదు. పాదం లోపలికో బయటికో తిరిగి ఉండగా కట్టేస్తే అది అలాగే మిగిలిపోతుంది. అందుకే మంచి చేతివాటం ఉన్నవాళ్ళు కట్టు బిగించేముందు పిల్ల రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇక కట్టుకు లొంగనివి. తొడ ఎముక విరిగితే దానికి పైనా కిందా ఉన్న కీళ్ళు కదలకుండా ఆపాలి. పైకీలు తుంటి, దాన్ని వెదురు బద్ద ఆపలేదు. తొడ కండరాలు బలమైనవి, ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి. అందుకే ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు ఆసుపత్రిలో నడుము దగ్గర నుంచి కాలి దాకా పిండికట్టు వేస్తారు. అంతకంటే పెద్ద పిల్లలకు సాధారణంగా ఎముక లోపలికి వంగే సన్నటి టైటానియం కడ్డీలు పంపుతారు. ఇంకా నడక రాని బిడ్డకు తొడ ఎముక విరిగిందంటే కారణం తేలేదాకా డాక్టరు చూసి తీరాలి. కీళ్ళ దగ్గరి విరుగుళ్ళదీ అదే దారి. పిల్లల ఎముక చివర్లలో పెరుగుదల పలక ఉంటుంది. తొడ ఎముక పొడవులో దాదాపు 70 శాతం మోకాలి వైపు పలక నుంచే వస్తుంది. అది దెబ్బతింటే కాలు పొట్టిగానో వంకరగానో పెరుగుతుంది. చర్మం చీలి ఎముక బయటపడితే పసరు మాట ఎత్తనే కూడదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది బిగువు. గాయం లోపల వాపు పెరిగి, పైన కట్టు సడలకపోతే కండకు నెత్తురు అందదు. కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. కాలు తీసేయాల్సి వచ్చిన పిల్లల గురించి వైద్య పత్రికల్లో చదవడమంటే గుండె దిటవు కావాలి. పసిపిల్లలు ఇక్కడ నొప్పి అని చెప్పలేరు. ఆగని ఏడుపు, ఎత్తుకున్నా ఊరుకోకపోవడం, నొప్పి మందు వేసినా తగ్గకపోవడం, వేళ్ళు కొంచెం లాగితే కెవ్వుమనడం, ఇవి కనిపిస్తే అర్ధరాత్రైనా కట్టు విప్పించాలి. కట్టు మీద కత్తెర పెట్టడానికి తల్లి జంకకూడదు. విప్పిన కట్టు మళ్ళీ కట్టుకోవచ్చు. అక్కడి నుంచి గాంధీ ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్ళాలి. నిమ్స్ అసలు నిజాం ధర్మనిధితో 1960ల్లో ఎముకల ఆసుపత్రిగానే మొదలైంది.

ఆసుపత్రికీ కట్టువాళ్ళకీ పుట్టుకతోనే వైరం ఉందనుకోవడం పొరపాటు. తొడ విరిగినవాళ్ళకు అత్యవసర విభాగాల్లో ఈనాటికీ వాడే థామస్ స్ప్లింట్ పేరు హ్యూ ఓవెన్ థామస్‌ది. 19వ శతాబ్దపు వేల్స్‌లో తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబం వాళ్ళది. తండ్రి చేతిపని నేర్చినవాడే, కొడుకేమో వైద్యం చదివి, ఇంటి విద్యను వదలకుండా లివర్‌పూల్‌లో పేదలకు ఎముకలు సరిచేశాడు. ఎక్స్‌రే చూడందే చెయ్యి వేయని కట్టువాళ్ళు మన దగ్గరా ఉన్నారు. ఆ ఇళ్ళ పిల్లలకు ఆర్థోపెడిక్ విభాగాల్లో శిక్షణ ఇచ్చి, ఏది ముట్టాలో ఏది పంపేయాలో నేర్పితే, ఆ వేళ్ళలోని నేర్పు వృథా పోదు.

పసరు గురించీ ఒక మాట. కట్టువాళ్ళ ఆకులు వాళ్ళ ఇంటి గుట్టు. మనం పచ్చడి చేసుకునే నల్లేరు మీద మాత్రం 1960ల్లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ జంతువులపై ప్రయోగాలు చేసి, ఎముక త్వరగా అతుక్కోవడాన్ని గమనించారు. అది దారి చూపించే ఫలితం, పిల్లల కాలికి హామీ మాత్రం కాదు.

కట్టు విప్పాక పిల్ల కొన్ని వారాలు కుంటుతుంది. నూనె పెట్టి గట్టిగా రుద్దించడాలూ, బలవంతంగా నడిపించడాలూ అక్కర్లేదు, తనంతట తనే పరుగందుకుంటుంది. తొడ ఎముక విరిగిన రెండు నుంచి పదేళ్ళ లోపు పిల్లల్లో ఆ కాలు రెండో కాలి కంటే ఒక సెంటీమీటరు, ఒక్కోసారి రెండు, ఎక్కువ పెరగవచ్చు. మోకాలి కింద ముంగాలి ఎముక పైభాగంలో చిన్న పగులే వచ్చినా, ఏడాది తిరిగేలోగా మోకాలు లోపలికి వంగడం మొదలవ్వచ్చు. కట్టు సరిగ్గా కట్టలేదని తల్లిదండ్రులు మండిపడేది అప్పుడే. అది అతికే కాలంలో ఎముక ఒకవైపు వేగంగా పెరగడం వల్ల వచ్చే వంపు, చాలామందిలో కొన్నేళ్ళకు దానంతటదే తగ్గుతుంది. కాబట్టి కట్టు ఎవరు కట్టినా, తొలి ఎక్స్‌రే భద్రంగా దాచుకుని, కనీసం రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి పిల్లను గోడకు ఆనించి నిలబెట్టి రెండు మోకాళ్ళూ కొలిపించుకోవాలి.