దీవికి పట్టుకెళ్ళే రికార్డు

1942 జనవరి 29న బీబీసీ రేడియోలో రాయ్ ప్లమ్లీ ఒక చిన్న ఆట మొదలుపెట్టాడు. మనుషుల జాడ లేని దీవిలో మీరు చిక్కుకుపోయారు. దగ్గర గ్రామఫోను ఉంది, ముళ్ళకు కొదవ లేదు, రికార్డులు మాత్రం ఎనిమిదే. ఏవేవి? యుద్ధకాలంలో పుట్టిన ఆ కార్యక్రమం ఇప్పటికీ నడుస్తోంది. అడిగేవాళ్ళు మారారు గాని ఆట మారలేదు. వచ్చినవాళ్ళు అమ్మ పాడిన జోల, పెళ్ళినాటి పాట, చదువుకునే రోజుల్లో పిచ్చెక్కించిన బ్యాండు అంటూ ఎనిమిదీ పూర్తి చేస్తారు. సోప్రానో గాయని ఎలిజబెత్ ష్వార్ట్స్‌కాఫ్ అయితే ఎనిమిదింట్లో ఏడు తను పాడినవే ఎంచుకుంది. దీవిలో తోడు కావాలంటే తనకంటే మంచివాళ్ళెవరు అనుకుందేమో! ఇంతా అయ్యాక చివర్లో ఇంకో మెలిక: అలలొచ్చి అన్నిటినీ లాక్కుపోతుంటే ఒక్కటే పట్టుకోగలరు, అదేది?

ఈ ఒక్కదాని ప్రశ్నకు చాలామంది తమకు బాగా ఇష్టమైనదాని పేరు చెబుతారు. నాకది లెక్క తప్పిన ఎంపిక అనిపిస్తుంది. ఘంటసాల భగవద్గీతనో ‘శంకరాభరణం’ పాటల్నో దీవికి మోసుకెళ్ళడం దేనికి? అవి లోపలే అచ్చుపడి ఉన్నాయి. మొదటి మాట అనుకుంటే చాలు, వాయిద్యాలతో సహా మిగతాదంతా దానంతటదే వచ్చేస్తుంది. నూరుసార్లు విన్నా కంఠతా రానిదే వెంట తీసుకెళ్ళాలి. నా వరకు అది జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. అందులోని పనితనమంతా ముందు ఏది నిర్ణయించుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్న తెలివిలో ఉంది.

1959 మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. ఐదు పాటలు, ముప్పావు గంట. ట్రంపెట్ మీద మైల్స్, టెనర్ శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్, ఆల్టో మీద కానన్‌బాల్ యాడర్లీ, పియానో మీద బిల్ ఎవాన్స్, ఒక్క పాటకు వింటన్ కెల్లీ, బేస్ మీద పాల్ చేంబర్స్, డ్రమ్స్ మీద జిమ్మీ కాబ్. మన్‌హట్టన్ 30వ వీధిలో ఒక పాత చర్చిని కొలంబియా కంపెనీ స్టూడియోగా మార్చుకుంది. పియానిస్టు గ్లెన్ గూల్డ్ 1955లో బాఖ్ ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ వాయించిందీ అక్కడే. కప్పు ఎంతో ఎత్తు. ఇంజినీరు ఫ్రెడ్ ప్లౌట్ టేపు మీద ఉన్నవి మూడే ట్రాకులు. తర్వాత తీరిగ్గా కూర్చుని ఒక్కొక్క వాయిద్యాన్నీ విడదీసి సరిచేసుకునే వీలు లేదన్నమాట. గదిలో ఎవరెక్కడ నిలబడ్డారో, ఎంత గట్టిగా ఊదారో అదే రికార్డు.

అంతకుముందు పదిహేనేళ్ళుగా జాజ్‌ను ఏలుతున్నది బీబాప్. అందులో పాట అడుగున స్వరాల గుత్తులు, అంటే కార్డులు, చకచకా మారిపోతుంటాయి. సోలో వాయించేవాడు ఒక్కో గుత్తికీ తగిన స్వరాలు చూపించి, మరుక్షణమే తర్వాతి గుత్తిలోకి దూకాలి. కిక్కిరిసిన బస్సులో తర్వాతి స్టాపు వచ్చేలోగా టికెట్లన్నీ కొట్టెయ్యాల్సిన కండక్టరు పరిస్థితి. మహానుభావులు ఆ పరుగులోనే అందం చూపించారు, కాదనను. కానీ మైల్స్‌కు ఆ పరుగు విసుగొచ్చింది. జార్జ్ రస్సెల్ అనే సంగీతజ్ఞుడు స్వరమేళాలను ఆధారం చేసుకుని రాసిన సిద్ధాంతం ఆ చుట్టుపక్కల వాళ్ళందరినీ ఆలోచింపజేసింది. మైల్స్ 1958లోనే ‘మైల్‌స్టోన్స్’ అనే పాటతో ఒకసారి ఆ దారి తొక్కి చూశాడు. మరుసటి ఏడు రికార్డు మొత్తం ఆ దారినే నడిపించాడు. స్టాపులు తీసేశాడు. ఒకే మేళం ఇచ్చి, ఇందులో ఉండండి, ఏం చెబుతారో చెప్పండి అన్నాడు.

కర్ణాటక సంగీతం వినే చెవికి ఇది వినగానే నవ్వొస్తుంది. ఇందులో కొత్తేముంది, మేం చేసేదదే కదా! నిజమే. ఆ నవ్వు దగ్గరే ఆగిపోకుండా మొదటి పాట ‘సో వాట్’ను మన లెక్కలో వేసి చూస్తే పని ఎక్కడ జరిగిందో కనిపిస్తుంది.

రెండు శ్రుతికి పెట్టుకుని హార్మోనియం తెల్లమెట్లే వాయించండి. వచ్చేది ఖరహరప్రియ మేళం. త్యాగరాజు ‘చక్కని రాజమార్గము’ విన్నవాళ్ళకు ఆ మెట్లు ఇంటిదారే. ‘సో వాట్’ అంతా ఆ మెట్ల మీదే కట్టారు. పదహారు బార్లు, అంటే చిన్న తాళపు ఆవర్తాలు, రెండు శ్రుతిలో, తర్వాత ఎనిమిది బార్లు ఉన్నదున్నట్టుగా రెండున్నరలో, మళ్ళీ ఎనిమిది రెండులో. ఆ ముప్పైరెండు బార్లే ఒక చుట్టు. మన కచేరీలో తంబురాను మధ్యలో అర శ్రుతి పైకి ఎత్తి, కాసేపాగి దించడం ఊహించుకోండి. సభలో సగంమంది లేచిపోతారు. ఇక్కడ పాటకున్న మలుపంతా అదే. రాగం మారదు, నేల లేస్తుంది.

పాట మొదట్లో పియానో, బేస్ తాళం లేకుండా మాట్లాడుకుంటాయి. తర్వాత చేంబర్స్ బేస్ మీద అసలు పల్లవి ఎత్తుకుంటాడు. అప్పటికి బేస్ అంటే వెనకాల నడక నడిచే వాయిద్యం. దాని చేత ప్రశ్న అడిగించి, పైవాళ్ళ చేత జవాబు చెప్పించారు. మొదట పియానో ఒక్కటే, ఆ తర్వాత ఊదే వాయిద్యాలు కూడా కలిసి. జవాబంటే రెండే గుత్తులు. మొదటి గుత్తిలో కింది నుంచి పైకి రి, ప, స, మ, ధ. రెండో గుత్తిలో స, మ, ని, గ, ప. రెండూ కలిపి చూడండి, మేళంలోని ఏడు స్వరాలూ వచ్చేశాయి. గుత్తిలో ఒకదాని మీద ఒకటి మధ్యమాల దూరంలో పేర్చి, పైన మాత్రం ఒక గాంధారం దూరం పెట్టారు. అందుకే అది ఎటూ తేల్చి చెప్పదు, ఎక్కడికీ తోసెయ్యదు. మామూలు పాశ్చాత్య గుత్తి ఇంటికి పోదాం పద అంటుంది. ఇది కూర్చోమంటుంది. జాజ్ పియానో నేర్చుకునేవాళ్ళు ఇవాళ్టికీ దీన్ని ఆ పాట పేరుతోనే నేర్చుకుంటారు.

పల్లవి ముగిసి మైల్స్ సోలో అందుకునే చోట కాబ్ సింబల్ మీద ఒక దెబ్బ వేస్తాడు. మరీ గట్టిగా పడిందేమో అని కాబ్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ పెద్ద గదిలో ఆ మోత కరుగుతూ ఉండగా దాని కింద నుంచి ట్రంపెట్ వస్తుంది. రికార్డు మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు అదే. మైల్స్ రెండు చుట్లు వాయిస్తాడు. రెండు మూడు స్వరాలు, ఆగడం, మళ్ళీ ఒక చిన్న మాట, ఇంకొంచెం ఆగడం. వెనక బేస్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ ఖాళీలా ఉండదు. తర్వాత కోల్ట్రేన్, యాడర్లీ తలా రెండు చుట్లు. కోల్ట్రేన్ అదే మేళాన్ని అడుగడుగునా తవ్వుతాడు. యాడర్లీ నవ్వుతూ బ్లూస్ వైపు లాగుతాడు. ఎవాన్స్ వంతు వచ్చేసరికి పాత్రలు తారుమారవుతాయి: పల్లవిలో పియానో చెప్పిన జవాబును ఇప్పుడు ఊదే వాయిద్యాలు వెనక నుంచి చెబుతుంటాయి, పియానో ముందు నిలబడుతుంది. అది కూడా ఒక్క చుట్టే, గుత్తులు గుత్తులుగా, ఎవరి దారికీ అడ్డం రాకుండా.

అయితే మన ఖరహరప్రియ మైల్స్ దగ్గర దొరికిందని సంబరపడితే పొరపాటే. మేళం రాగం కాదు. మన గాంధార నిషాదాలకు ప్రాణం గమకంలో ఉంది, ఆ ఊపు తీసేస్తే మెట్లే మిగులుతాయి. మైల్స్ స్వరాన్ని కదపడు. అప్పటి ట్రంపెట్ వాళ్ళలో చాలామంది స్వరాన్ని చివర్లో వణికించేవాళ్ళు. ఆయన ఆ వణుకు కూడా తీసేశాడు. స్వరం నిటారుగా వచ్చి, నిటారుగా ఆగిపోతుంది. మనవాళ్ళు స్వరం లోపల చేసే పనిని ఆయన స్వరానికీ స్వరానికీ మధ్య చేశాడు. నా మటుకు నాకు ఈ తేడా తెలిశాకే మైల్స్ బాగా వినిపించాడు.

‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’ గురించి ఎక్కువ చెప్పను. హాయైన బ్లూస్. పియానో మీద వింటన్ కెల్లీ ఉన్నది ఈ ఒక్క పాటకే. అప్పటికి బృందంలో మామూలుగా వాయిస్తున్న పియానిస్టు కెల్లీయే. బ్లూస్ నడకకు ఎవాన్స్ కన్నా అతని చెయ్యి మేలని మైల్స్ గ్రహించాడు. పాటకు మనిషిని ఎంచుకోవడం కూడా రచనే.

‘బ్లూ ఇన్ గ్రీన్’ దగ్గర మాత్రం కూర్చోవాలి. ఐదున్నర నిమిషాల పాట, యాడర్లీ ఇందులో వాయించడు. చుట్టు పొడుగు పది బార్లు. ఎనిమిదో, పన్నెండో, పదహారో అయితే చెవి ముందే లెక్క కట్టి, ఇక్కడ అయిపోయింది అని చెప్పేస్తుంది. పది దగ్గర ఆ లెక్క అందదు. చివరి గుత్తి సరిగ్గా మొదటి గుత్తి లోకే జారుతుంది, కాబట్టి చుట్టు ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలైందో పట్టుకోవడం కష్టం. దానికి తోడు ఒక్కొక్కరు అందుకున్నప్పుడల్లా కాలం మారుతుంది. మైల్స్ నెమ్మదిగా చెప్పిన చుట్టును ఎవాన్స్ సగం సమయంలో చెబుతాడు, కోల్ట్రేన్ కూడా అంతే. మళ్ళీ ఎవాన్స్ దాన్నీ సగం చేస్తాడు. తర్వాత మైల్స్ తిరిగి మొదటి కాలానికి తెస్తాడు. వర్ణాన్ని మూడు కాలాల్లో పాడి చూసినవాళ్ళకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. విచిత్రం ఏమంటే ఎక్కడా వేగం పెరిగినట్టు అనిపించదు. నడక అదే, అడుగుల కింద గుత్తులు మాత్రం దగ్గర దగ్గరగా వస్తుంటాయి. కవరు మీద రచన మైల్స్ పేరనే ఉంది, అది తనదని ఎవాన్స్ అన్నాడు. ఆ పియానో మొదలుపెట్టే తీరు విన్న నా చెవి ఎవాన్స్ వైపే మొగ్గుతుంది.

రెండో వైపు ‘ఆల్ బ్లూస్’తో మొదలవుతుంది. పన్నెండు బార్ల బ్లూస్‌నే ఆరు మాత్రల ఊగులో పెట్టారు. అడుగున బేస్ ఒకే మాటను తిప్పి తిప్పి అంటుంది, పియానో కింద నీడలాగా వణుకుతుంది, రెండు శాక్సఫోన్లు జంటగా ఊగుతాయి. మైల్స్ పల్లవిని మ్యూట్ బిగించిన ట్రంపెట్‌తో ఊది, సోలోకు దాన్ని తీసేస్తాడు. గొంతు ఒక్కసారిగా తెరుచుకున్నట్టుంటుంది. పదకొండున్నర నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.

చివరిది ‘ఫ్లమెంకో స్కెచెస్’. దీనికి పల్లవి అంటూ లేదు. ఐదు మేళాల వరుస మాత్రమే ఉంది. మన భాషలో చెప్పాలంటే ఒకటో శ్రుతిలో శంకరాభరణం, ఐదున్నరలో హరికాంభోజి, ఆరున్నరలో మళ్ళీ శంకరాభరణం, రెండులో తోడి మెట్లు, ఐదులో ఖరహరప్రియకు దగ్గరైనది. తోడి దగ్గర గాంధారం ఒక్కోసారి పెరిగి వకుళాభరణం వైపు తొంగిచూస్తుంది. పేరులోని స్పానిష్ వాసన అక్కడిదే. ఇది రాగమాలికే గాని, ఏ రాగంలో ఎంతసేపు ఉండాలో ముందు అనుకోలేదు. సోలో వాయించేవాడికి చాలనిపించినప్పుడు తర్వాతి మేళంలోకి కదులుతాడు. పియానో, బేస్ అది పసిగట్టి తామూ కదలాలి. ఎవాన్స్ మొదలుపెట్టే ఊయల 1958 డిసెంబరులో తను ఒంటరిగా వాయించిన ‘పీస్ పీస్’ నుంచి వచ్చింది.

ఎవాన్స్ ఈ రికార్డు అట్ట మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. పల్చటి కాగితం మీద కుంచె ఆపకుండా, దిద్దకుండా వేసే జపాన్ చిత్రకళతో పోల్చి, ఒక గుంపు కలిసి అలా చెయ్యడం ఇంకా కష్టమన్నాడు. మైల్స్ ఈ నమూనాలు రికార్డింగుకు కొద్ది గంటల ముందే తెచ్చాడనీ రాశాడు. దీన్ని చదివి అంతా గాలిలోంచి ఊడిపడిందని నమ్మేవాళ్ళున్నారు. నేను నమ్మను. మేళం ఏది, చుట్టు ఎన్ని బార్లు, ఎవరి తర్వాత ఎవరు, ఎవరు వాయించకూడదు అన్నవి తేల్చుకున్నాకే అంత స్వేచ్ఛ వచ్చింది. ఇదే కోల్ట్రేన్ మే నెలలో, అంటే రెండో సెషన్ అయిన కొద్ది రోజులకే, ‘జయంట్ స్టెప్స్’ రికార్డు చేశాడు. గుత్తుల మార్పిడిలో అంతకన్నా ఊపిరాడనివ్వని పాట మరొకటి చెప్పడం కష్టం. ఒకే మనిషి, ఒకే వసంతం. ఇక్కడ అతను నెమ్మదిగా ఉన్నాడంటే చోటు దొరికింది కాబట్టే.

ఇక ఏ ప్రతి తీసుకెళ్ళాలన్నది కూడా ఆలోచించవలసిందే. మార్చి 2న వాడిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో మొదటి వైపు మూడు పాటలూ రికార్డు మీద కొంచెం వేగంగా, శ్రుతి ఎక్కి వినిపిస్తాయి. వీణో వేణువో పట్టుకుని వెంట వాయించబోయినవాళ్ళకు ‘సో వాట్’ రెండుకీ రెండున్నరకీ మధ్య ఎక్కడో తగులుతుంది. అదే సెషన్‌లో రెండో యంత్రం మీద నడిచిన టేపు నుంచి 1992లో దాన్ని సరిచేశారు. పాత శ్రుతికే అలవాటుపడి కొత్తది చప్పగా ఉందనే పెద్దలున్నారు. నాకు సరైన శ్రుతే కావాలి. 1997 సీడీలో ఇంకో లాభం కూడా ఉంది. ‘ఫ్లమెంకో స్కెచెస్’ను ఆరు టేకులు చేశారు. రికార్డు మీదికి ఎక్కింది ఆరోది. పూర్తిగా వాయించిన మొదటి టేకు ఈ సీడీలో ఆరో పాటగా దొరుకుతుంది. మేళాల వరుస ఒకటే అయినా పల్లవి లేదు, కొలతా లేదు కాబట్టి అవి రెండు వేరు రచనలు. నేను తీసుకెళ్ళేది ఆ ప్రతినే.