అవధానితో పాటు

అష్టావధానసభలో అవధాని, ఆయన చుట్టును పృచ్ఛకులు ఎనమండుగురు, సంచాలకుడు అందరి కంటికిని కనబడుదురు. వీరుగాక, ఎవరి లెక్కకును రాని పక్షమొకటి సభలో ఎల్లప్పుడును ఉండును. సమస్య వినబడిన మరుక్షణమే తామును మనసులో పూరణకు పూనుకొని, పృచ్ఛకుడు అక్షరమును నిషేధించినప్పుడెల్ల తామును మరియొక అక్షరమునకై వెదకి, అవధాని నోట వెలువడినదానితో తమకు తోచినదానిని సరిచూచుకొను శ్రోతలదే ఆ పక్షము. షార్జాలో కాపురముండి, తెలుగు సభలకు సముద్రమునకు ఈవలి గట్టునుండి చెవియొగ్గు నేనును ఆ పక్షమువాడనే. లోలోపల తనతో కలిసి ఆడు శ్రోతలున్నంత కాలమే అవధానము బ్రదికియుండునని నా దృఢవిశ్వాసము.

ఈ దేశపు గడియారము భారతదేశముకంటె గంటన్నర వెనుక నడచును గనుక, హైదరాబాదులో సాయంకాలము ఆరింటికి ఆరంభమగు సభ మా యింట నాలుగున్నరకే వినవచ్చును. 2020లో కరోనా కారణముగా సభామందిరములు మూతపడగా అవధానములు జూమ్‌లోనికి వచ్చినవి. పృచ్ఛకుడొకడు అమెరికానుండి నిషిద్ధాక్షరి నిర్వహించుటయు, మరియొకడు తన యూరనే కూర్చుండి దత్తపది నిచ్చుటయు అలవాటయ్యెను. 2022 జనవరి మొదలు ఇక్కడ ఆదివారము వారాంతపు సెలవులలో చేరుటచేత, స్వదేశమున ఆదివారము జరుగు సభలును మా కార్యాలయపు సెలవుతో కలిసివచ్చినవి. సభకు ముందు ఇంటిలో ఫోనులన్నియు ఒక ప్రక్కన పెట్టుదుము; కాగితము, కలము కూడ పెట్టుకొనము. అవధానికి లేని సాధనము శ్రోతకు ఉన్నచో అది కలిసి ఆడుట కాజాలదని నా అభిప్రాయము.

కలిసి ఆడుటకు అన్నింటికంటె అనువైనది నిషిద్ధాక్షరి. నేనే కూర్చిన చిన్న ఉదాహరణముతో దీనిని చూపుదును. అడిగినది విష్ణుస్తుతి, ఛందస్సు కందము. అవధాని "శ్రీ" అనెను. "శ్రీకర" అని సాగునేమోయని పృచ్ఛకుడు "క"ను నిషేధించును. ఇక్కడనే శ్రోత మేల్కొనవలెను. ఏలయనగా రాబోవు రెండవ అక్షరము ప్రాసస్థానమున నిలుచునది, అది ఏదైనచో తక్కిన మూడు పాదములును దానికే కట్టుబడవలసియుండును. అవధాని "లో" అనెను. "శ్రీలోల" అనకుండ "ల" నిషిద్ధమయ్యెను. "క" అనెను, "లోకనాథ" రాకుండ "న" నిషిద్ధమయ్యెను. "పా" అనెను, "పాలక" రాకుండ మరల "ల" నిషిద్ధమయ్యెను. అప్పుడు "వ" వచ్చి "శ్రీలోకపావ" అని నిలుచును. రెండవ గణమైన "కపావ" జగణము. కందమున బేసిగణములందు చెల్లని జగణము సరిగణమందు చెల్లును గనుక ఛందస్సు త్రోవను మూయలేదు. ఈ ఒక్క సంగతిని అవధానికంటె అరక్షణము ముందుగా పసిగట్టిన శ్రోత పొందు ఆనందమును నేను మాటలలో పెట్టజాలను. ఇప్పుడు పృచ్ఛకుడు "పావన" అనబోవునని యెంచి "న"ను కూడ కాదనును. మీరేమందురు? "పావక" అని అగ్ని వైపు మరలుదురా? మరలినచో విష్ణువును తిరిగి ఏ పాదమున, ఏ లకారప్రాసతో అందుకొందురు?

సభలో చప్పట్లు ఎక్కువగా అప్రస్తుత ప్రసంగమునకు దక్కుచుండుట నేను చాలకాలముగా గమనించుచున్నాను. చమత్కారమునకు విలువ లేదని నేననను. అయినను, నిషిద్ధాక్షరిలో ఒక పాదము పూర్తియైన వేళ ఆ పాదమునకై మూయబడిన తలుపులెన్నో లెక్కించుకొనిన శ్రోత, దానిని శతగుణముగా ఆదరించును. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగార్లు జంటగా సంస్థానములందును ఊళ్ళయందును అవధానములు చేసిన రోజులలో, సభనుండి ఇంటికి పోవుచు తామును పద్యము కట్టుటకు ప్రయత్నించిన యువకులు ఎందరో ఉండిరి. ఆంధ్రదేశమున పద్యవిద్య అంతగా ప్రాకుటకు ఆ ప్రయత్నములు గూడ కారణమనియే నేను తలంతును.

కలిసి ఆడు ఈ రుచిని పాశ్చాత్యులు టెలివిజనులో ఎరిగిరి. ఫ్రాన్సున ఆర్మాన్ జామో 1965లో ప్రారంభించిన పదక్రీడ 1972 నుండి అంకెలను, అక్షరములను రెంటిని పేరిటనే ధరించినది. దానినుండి పుట్టిన కౌంట్‌డౌన్, 1982 నవంబరు 2న బ్రిటనులో ఛానెల్ 4 ఆరంభమైననాడు దాని తొలి కార్యక్రమమయ్యెను. తొమ్మిది అక్షరములతో మిక్కిలి దీర్ఘమైన పదము. ఆరు సంఖ్యలతో, ఒక్కొక్కదానిని ఒక్కమారు మించి వాడక, నిర్దేశించిన మూడంకెల సంఖ్య. వ్యవధి ముప్పది సెకనులు. 1997లో ఒక పోటీదారునకు 25, 50, 75, 100, 3, 6 అను సంఖ్యలును, 952 అను లక్ష్యమును వచ్చినవి. ఆయన 100కు 6 కలిపి, 3తో గుణించి 318 చేసి, దానిని 75తో గుణించి 23,850కి చేర్చి, 50 తీసివేసి, 25తో భాగించి 952 తెచ్చెను. లక్ష్యమును చేరుటకై ఇరువది మూడు వేలు దాటి పోయి వెనుకకు వచ్చిన ఆ ధైర్యమును తలచుకొన్నప్పుడెల్ల నాకు ఉత్సాహము కలుగును. అక్షరముల ఆట మాత్రము తెలుగున యథాతథముగా కుదరదు. మన అక్షరమున హల్లు, అచ్చు, ఒక్కొక్కప్పుడు ఒత్తు గూడ ఒదిగియుండును. గుణింతమును లెక్కించినచో వందల రూపములగును. యథేచ్ఛగా తీసిన తొమ్మిదింటినుండి పదము పుట్టుట అరుదు. కనుకనే మన పెద్దలు అక్షరములను ఇచ్చి పదమును అడుగుటకు మారుగా, అక్షరములను తీసివేసి పద్యమును అడిగిరి.

అంకెల విషయమున అవధానమునకు కొరత లేదు. వారగణనమున పృచ్ఛకుడు తేదీ నిచ్చిన, అవధాని వారమును చెప్పవలెను. ఈ దేశము పుట్టిన 1971 డిసెంబరు 2నే తీసికొందము. సంవత్సరపు చివరి రెండంకెలు 71, దానిని నాలుగుచే భాగించిన 17, డిసెంబరు నెల గుర్తు 5, తేదీ 2. మొత్తము 95, ఏడుచే భాగింపగా మిగిలినది 4. ఆదివారమును సున్నగా గ్రహించినచో నాలుగు గురువారము. జనవరి మొదలు నెలల గుర్తులు వరుసగా 0, 3, 3, 6, 1, 4, 6, 2, 5, 0, 3, 5. అధికదినమున్న సంవత్సరమున జనవరి, ఫిబ్రవరులకు ఒకటి తగ్గించవలెను. ఇది ఇరువదవ శతాబ్దమునకు సరిపోవు పద్ధతి. ఆంధ్రప్రదేశ్ అవతరించిన 1956 నవంబరు 1 కూడ గురువారమేనని మీరే తేల్చుకొనవచ్చును. ఇక కన్నడ అవధానములందు శతావధాని ఆర్. గణేశ్‌గారు మున్నగువారు నిర్వహించు సంఖ్యాబంధమున, ఇరువదియైదు గళ్ళ చతురస్రమున ఏ గడి అడిగిన ఆ గడి సంఖ్య చెప్పుచు, చివరకు నిలువు, అడ్డము, మూలలు అన్నియు ఒకే మొత్తమగునట్లు ముగింతురు. పిల్లలకు తొమ్మిది గళ్ళు చాలును. మా అబ్బాయికి మొత్తముగా 1971 నిచ్చితిని. మూడవ వంతైన 657ను నడిగడిలో ఉంచి, 653 మొదలు 661 వరకు తక్కినవానిని సర్దెను: 660, 653, 658, 655, 657, 659, 656, 661, 654.

షార్జానుండి దుబాయి పోవు అల్ ఇత్తిహాద్ దారిలో ప్రొద్దున కారులు ఎట్లు నిలిచిపోవునో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ నిలిచిన వేళ మా పాఠశాల ముందరి కారుల నంబరు పలకలే. ఈ దేశమున పలకపై అంకెలకు గల గౌరవము సామాన్యమైనది కాదు. 2023 ఏప్రిలులో దుబాయిలో అన్నదాననిధికై జరిగిన వేలమున పీ 7 అను పలక ఐదున్నర కోట్ల దిర్హములకు అమ్ముడుపోయినది. మాకు మాత్రము ఎవరి పలకయైనను అమూల్యమే. అంకెలను అక్షరములుగా మార్చు కటపయాది పద్ధతిలో క, ట, ప, య లు ఒకటి. అక్కడనుండి వరుసగా ఖ, ఠ, ఫ, ర లు రెండు. అంకెలు కుడినుండి ఎడమకు చదువబడును. మేళకర్త రాగముల పేర్లు ఈ సూత్రమును బట్టియే కూర్పబడినవి: మాయామాళవగౌళలో మ ఐదు, య ఒకటి, త్రిప్పి చదివిన 15, ధీరశంకరాభరణము 29, మేచకల్యాణి 65. "నాన్నా, ఆ తెల్లకారుకి ఏ రాగం?" అని మా అబ్బాయి అడుగును, చివరి రెండంకెలను బట్టి నేను చెప్పుదును, డెబ్బదిరెండు దాటినచో రాగము లేదు గనుక పదము వెదకవలెను, 88 అయినచో దేహ. మా ప్రక్కయింటి కేరళ మిత్రులు ఈ కటపయాదిని పరల్పేరు అందురు. వారి నేలపై జ్యోతిషగణితమున దీని వాడుక విస్తారము.

మా అబ్బాయి బడిలో అరబ్బీ చదువును. అరబ్బీయందును అక్షరములకు విలువలున్నవి; అలిఫ్ ఒకటి, బా రెండు, జీమ్ మూడు, చివరకు గైన్ వేయి. ఈ అబ్జద్ లెక్క తెలుగునేలకు క్రొత్తదికాదు; చార్మినారు కట్టిన హిజ్రీ వేయవ సంవత్సరమును "యా హాఫిజ్" అను రెండు మాటలు తెలుపునని చెప్పుదురు, కూడి చూచిన సరిగా వేయియే అగును. ఒకనాడు ముందున్న బండిపై 786 కనబడెను. పవిత్రమైన బిస్మిల్లా వాక్యపు అక్షరముల మొత్తమని వాడు చెప్పెను. నేను కటపయాదిలో వెదకితిని: ఆరు త, ఎనిమిది జ, ఏడు స, తేజసా. వెలుగుచేత అని అర్థము. ఆ ప్రయాణమంతయు మాకు వేరు మాట లేకపోయెను.

క్రొత్తగా ఆరంభించువారికి నేను వ్యస్తాక్షరిని సూచింతును. పృచ్ఛకుడు ఒక వాక్యపు అక్షరములను వరుస తప్పించి, "పదకొండవది రా", "మూడవది లు" అని సభ నడుమ ఒక్కొక్క చీటీగా అందించును. అవధాని అన్నింటిని జ్ఞాపకమందుంచుకొని చివర పూర్తి వాక్యమును చెప్పును. ఇంటిలో ఎనిమిది అక్షరముల వాక్యముతో మొదలు పెట్టవచ్చును. చీటీల నడుమ వేరు సంభాషణ నడపవలెను, లేనిచో ఆట కాదు. అక్షరముల పట్టికను మనసులో గళ్ళుగా గీచుకొనువారికంటె, వచ్చిన అక్షరమును వెంటనే ఒక ఊహాపదములో ఇరికించి, తరువాతి చీటీతో ఆ ఊహను దిద్దుకొనువారికి త్వరగా పట్టువడునని నా అనుభవము. దీనిని అరబ్బీలో ఆడవచ్చునా అని మావాడు అడిగెను. ఆడవచ్చును, కాని ఆ లిపిలో హ్రస్వాచ్చులు సాధారణముగా వ్రాయబడవు, క, త, బ అను మూడు హల్లులే కతబ అనినచో వ్రాసెననియు, కుతుబ్ అనినచో పుస్తకములనియు అగును. కాబట్టి అరబ్బీ చీటీలు ఇచ్చునాడు వాడు వాక్యపు సందర్భమును కూడ ముందుగా ఒక మాటలో చెప్పవలెనని మాలో మేము నియమము చేసికొంటిమి.